కోడ్ తప్పా, వెతికిన చోటు తప్పా? కంపైలర్ ర్యాపర్ల గురించి మా మాట

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, ఓపిక చేసుకుని చదవండి. డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్న మనోళ్ళు, బీటెక్‌లో కొత్తగా చేరినోళ్ళు మాత్రం తప్పకుండా చివరిదాకా చదవండి. మేం ఆగమైనట్టు మీరు కావద్దని రాస్తున్నం. కమాండ్లను నోటితో పలికినట్టు తెలుగులోనే రాసినం, కొట్టేటప్పుడు ఇంగ్లీషులో కొట్టండి.

మేం డోర్నకల్‌లో హాస్టల్‌ల ఉండి చదువుకుంటున్న నలుగురం. నలుగురి ఇండ్లల్లో మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినోళ్ళు ఎవరూ లేరు. ఇంట్లో ఫోన్ చేసి "కంప్యూటర్‌ల ఎర్రర్ వచ్చింది" అంటే అమ్మ "తిన్నవా బిడ్డా" అని అడుగుతది. అంతకంటే ఆమె ఏం చెప్పగలదు? అందుకే ఏ ఎర్రర్ వచ్చినా మేం ముందుగాల అనుకునేది ఒక్కటే: మాకే రాదు, మాకే అర్థం కాలేదు. ఈ పోస్టు ఆ మాట మీదనే.

ఈ ఏడాది ప్రాజెక్టు కింద హాస్టల్ మెస్ స్టాక్ లెక్కలు రాసే చిన్న ప్రోగ్రాం చేద్దామనుకున్నం. బియ్యం ఎన్ని కిలోలు వచ్చినయి, ఇవాళ ఎన్ని తీసినం, ఎన్ని మిగిలినయి, అంతే. మాకు బాగా వచ్చింది సీ భాష. డేటా దాచడానికి ఎస్‌క్యూలైట్ తీసుకున్నం. స్టాక్ తగ్గించిన వాక్యంలోనే మిగిలింది ఎంతో తిరిగి ఇచ్చే 'రిటర్నింగ్' అనే సౌకర్యం దాంట్ల ఉంది. అది ఎస్‌క్యూలైట్ 3.35లో, అంటే 2021 మార్చిలో వచ్చింది. మా లాబ్ మెషిన్లల్లో ఉన్నది ఉబుంటు 20.04. దాంతోపాటు వచ్చే ఎస్‌క్యూలైట్ 3.31. అంటే మాకు కావల్సిన దానికంటే పాతది.

సుడో పాస్‌వర్డ్ మాకు ఇవ్వరు. అందరూ వాడే మెషిన్లు కాబట్టి ఇవ్వకపోవడం సరైనదే. అందుకని ఎస్‌క్యూలైట్ 3.39 సోర్స్ దించుకుని, మా హోమ్ ఫోల్డర్‌లనే 'లోకల్' అని ఒక ఫోల్డర్ చేసి అక్కడ కట్టుకున్నం. కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అన్నీ అయినయి. మా ప్రోగ్రాంను కంపైల్ చేసేటప్పుడు హెడర్ ఫైళ్ళ కోసం మైనస్ కేపిటల్ ఐ, లైబ్రరీ కోసం మైనస్ కేపిటల్ ఎల్, రెండూ ఇచ్చినం. ఒక్క ఎర్రర్ రాలేదు. సంబరపడ్డం.

నడిపితే మాత్రం 'రిటర్నింగ్ దగ్గర సింటాక్స్ ఎర్రర్' అని వచ్చింది.

మూడు రోజులు అదే క్వెరీని అటు తిప్పి ఇటు తిప్పి రాసినం. కామాలు మార్చినం, పేర్లు మార్చినం. రివ్యూల "ముందు క్వెరీ రాయడం సక్కగ నేర్చుకుని రండి" అనిపించుకున్నం. మాలో ఒకడు "ఇది మనతోని అయ్యేది కాదు రా, ఎక్సెల్‌ల చేసి ఇద్దాం" అన్నడు. ఇంకొకరు రాత్రి భోజనానికే రాలేదు. తమాషా ఏందంటే, మా క్వెరీల ఒక్క అక్షరం తప్పు లేదు.

స్టేషన్‌ల తెలిసిన సంగతి

మా సీనియర్ అన్న ఒకాయన హైదరాబాద్‌ల పీజీ చేస్తున్నడు. ఇంటికి పోతూ డోర్నకల్ జంక్షన్‌ల దిగి, కారేపల్లి దిక్కు పోయే బండి కోసం ఆగిండు. మేం పోయి కలిసినం. అంతా విని ఒక్కటే అడిగిండు: "తమ్మీ, కంపైల్ చేసేటప్పుడు ఏ వెర్షన్, నడిచేటప్పుడు ఏ వెర్షన్? రెండూ ప్రింట్ కొట్టిండ్రా?"

రెండు వేరే వేరే ఉంటాయని మాకు ఊహకు కూడా రాలేదు. మర్నాడు కొట్టి చూస్తే హెడర్ ఫైల్ చెప్పిన నంబరు 3.39, నడుస్తున్న లైబ్రరీ చెప్పిన నంబరు 3.31. ఎల్‌డీడీ అనే కమాండ్ మా ప్రోగ్రాం మీద నడిపితే, అది వాడుతున్నది మేం కట్టుకున్న లైబ్రరీని కాదు, సిస్టం ఫోల్డర్‌ల ఉన్న పాతదాన్ని అని తేలింది.

అన్న ప్లాట్‌ఫారం మీద చెప్పిన పోలికనే మీకూ చెప్తం. మీరు మణుగూరుకు టికెట్ తీసుకుంటరు. టికెట్ మీద ఊరు పేరు ఉంటది, ప్లాట్‌ఫారం నంబరు ఉండదు. జంక్షన్‌ల దిగినోడు ఎవర్నీ అడగకుండా ముందు కనబడ్డ బండి ఎక్కితే మణుగూరుకు బదులు ఖమ్మంల తేలొచ్చు. టికెట్ తప్పు కాదు, మనిషి తప్పు కాదు. ఏ బండి ఎక్కాలో టికెట్ మీద రాసి లేదు, అంతే.

ప్రోగ్రాం కూడా అట్లనే. ఇందులో మూడు సార్లు వెతుకులాట జరుగుతది. మనకు క్లాసుల మూడూ కలిపి 'కంపైల్' అనే చెప్తరు.

మొదటిది, కంపైలర్ హెడర్ ఫైళ్ళను వెతకడం. మైనస్ కేపిటల్ ఐతో మనం చెప్పిన ఫోల్డర్లు ముందు, సిస్టం ఫోల్డర్లు తర్వాత.

రెండోది, లింకర్ లైబ్రరీని వెతకడం. మైనస్ స్మాల్ ఎల్ తర్వాత లైబ్రరీ పేరు ఇస్తే, మైనస్ కేపిటల్ ఎల్‌తో ఇచ్చిన ఫోల్డర్లను ఇచ్చిన వరుసలో చూస్తది, తర్వాత సిస్టం ఫోల్డర్లు. ఆ పేరుతో ముందు ఏది కనబడితే అదే తీసుకుంటది.

మూడోది, ప్రోగ్రాం నడిచేటప్పుడు లోడర్ మళ్ళీ కొత్తగా వెతకడం. మేం పడ్డ గుంత ఇదే. రెండోసారి మనం చెప్పిన ఫోల్డర్ మూడోసారి గుర్తుండదు. లింకర్ మన ప్రోగ్రాంల రాసేది లైబ్రరీ పేరు మాత్రమే. ఫోల్డర్ రాయమని విడిగా అడిగితేనే రాస్తది. అట్ల రాసేదాన్ని ఆర్‌పాత్ అంటరు. అడగకపోతే లోడర్ సిస్టంల ఉన్న జాబితా చూసి, అదే పేరుతో అక్కడున్న పాతదాన్ని ఎత్తుకొస్తది. పాతదీ కొత్తదీ రెండిటి పేరూ ఒకటే కావడంతోని 'దొరకలేదు' అనే ఎర్రర్ కూడా రాలేదు. దొరకకపోతే అయినా తెలిసేది. తప్పుది దొరికింది కాబట్టే మూడు రోజులు పోయినయి.

ఇంకో సంగతి చెప్తే నవ్వకండి. మేక్ ఇన్‌స్టాల్ అయినంక స్క్రీన్ మీద లిబ్‌టూల్ ఈ ముచ్చటంతా రాసింది. ఈ ఫోల్డర్‌ల ఉన్న లైబ్రరీ వాడాలంటే ఆర్‌పాత్ అయినా ఇవ్వండి, ఎల్‌డీ లైబ్రరీ పాత్ అయినా పెట్టండి, లేకపోతే అడ్మిన్‌తో సిస్టం జాబితాల ఎక్కించండి అని వరుసగా ఉంది. ఇంగ్లీషు పేరా కనబడంగనే మేం పైకి జరిపేసినం. ఆ తప్పు మాత్రం మాదే.

ర్యాపర్ ఏం చేస్తది

అన్న ఆ తర్వాతి వారం మళ్ళా వచ్చినప్పుడు స్పాక్ అనే ప్యాకేజ్ మేనేజర్‌ను మా హోమ్ ఫోల్డర్‌లనే పెట్టిండు. దానికి సుడో అక్కరలేదు. మా ప్రోగ్రాంకు చిన్న రెసిపీ ఫైల్ రాసి, దీనికి ఎస్‌క్యూలైట్ ఫలానా వెర్షన్ కావాలె అని ఒక లైన్ పెట్టిండు. మైనస్ కేపిటల్ ఎల్ ఇవ్వలేదు, ఆర్‌పాత్ ఇవ్వలేదు, ఏమీ ఇవ్వలేదు. కట్టింది, నడిపితే మొదటిసారే నడిచింది. మేం నోరు తెరిచినం. "అన్నా, మరి దానికెట్ల తెలిసింది?" అంటే "ఫైల్ తెరిచి చదవండి, నాకెందుకు" అన్నడు.

అప్పుడు తెలిసింది ర్యాపర్ అంటే ఏందో. స్పాక్ ఒక ప్యాకేజీని కట్టేటప్పుడు అసలు కంపైలర్‌ను నేరుగా కనబడనియ్యదు. దాని ముందు 'సీసీ' అనే పేరుతోనే తన సొంత ఫైల్ ఒకటి నిలబెడుతది. మేక్‌ఫైల్ కంపైలర్‌ను పిలిచినా ఆ పిలుపు ముందు దీనికే పోతది. ఇది ఏమంత పెద్ద మాయ కాదు, మనం చదవగలిగే షెల్ స్క్రిప్టే. మేం నలుగురం రెండు సాయంత్రాలు కూర్చుని చదివినం. అన్నీ అర్థం కాలేదు, అర్థమైనంత చెప్తం.

ముందు అది ఏ పని జరుగుతుందో చూస్తది. వెర్షన్ అడుగుతున్నరా, ఉత్త కంపైల్ మాత్రమేనా, లింకింగ్ కూడా ఉందా అని. వెర్షన్ అడిగితే ఏమీ కలపకుండా పంపిస్తది. ఉత్త కంపైల్ అయితే హెడర్ల దారి మాత్రం కలుపుతది. లింకింగ్ ఉంటే, ఆ ప్యాకేజీకి కావల్సిన ప్రతి లైబ్రరీకి మైనస్ కేపిటల్ ఎల్ ఒకటి, ఆర్‌పాత్ ఒకటి, రెండూ కలుపుతది. మేం మర్చిపోయిన రెండో ముక్క అదే. తర్వాత వరుస సరిచేస్తది: మేక్‌ఫైల్ ఎక్కడైనా సిస్టం ఫోల్డర్‌ను ముందు పెట్టి ఉంటే దాన్ని తీసుకపోయి చివర పెడుతది, పాత లైబ్రరీ ముందు తగలకుండా. అన్నీ చేసినంక అసలు జీసీసీని పిలుస్తది.

ఇట్లాంటి పని చేసేది స్పాక్ ఒక్కటే కాదు. నిక్స్‌ల కూడా కంపైలర్‌కు, లింకర్‌కు ర్యాపర్లు ఉన్నయి. నిక్స్ ఆలోచన మీద ఎయెల్కో డోల్‌స్ట్రా 2006లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ యూనివర్సిటీల పీహెచ్‌డీ చేసిండు. ఎక్కువ మెషిన్లు కలిపి నడిపే ప్రోగ్రాంలకు వాడే ఎంపీఐసీసీ కూడా ర్యాపరే. ఎంపిచ్‌ల అయితే మైనస్ షో అని, ఓపెన్ ఎంపీఐల అయితే మైనస్ మైనస్ షోమీ అని కొడితే వెనుక ఏం కలుపుతుందో మొత్తం బయట పెడుతది. అంతెందుకు, మనం రోజూ కొట్టే జీసీసీ కూడా వెనుక అసలు కంపైలర్‌ను, అసెంబ్లర్‌ను, లింకర్‌ను ఒకదాని తర్వాత ఒకటి పిలిచేదే. మైనస్ వీ పెట్టి ఒక్కసారి చూడండి.

స్పాక్ పుట్టింది అమెరికాల లారెన్స్ లివర్‌మోర్ నేషనల్ లాబొరేటరీల, 2013లో. టాడ్ గాంబ్లిన్ మొదలుపెట్టిండు. అక్కడి సూపర్ కంప్యూటర్ల మీద కూడా పని చేసేటోళ్ళకు సుడో ఉండదు. ఒకరికి ఒక వెర్షన్ కావాలె, ఇంకొకరికి ఇంకోటి. మన దగ్గర కందిల ఐఐటీ హైదరాబాద్‌ల నేషనల్ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద పెట్టిన పరమ్ సేవ ఉంది, 838 టెరాఫ్లాప్స్ మెషిన్. అసుంటి పెద్ద మెషిన్ మీద లాగిన్ అయ్యే పరిశోధకుడూ, మా లాబ్‌ల మూలకు ఉన్న మెషిన్ ముందు కూర్చున్న మేమూ ఈ ఒక్క విషయంల సమానమే. ఇద్దరికీ సుడో లేదు, ఇద్దరికీ ఉన్న జాగ హోమ్ ఫోల్డరే. ఈ సంగతి తెలిసినప్పుడు మాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేం.

మరి ర్యాపర్ ఉండంగ ఇవన్నీ ఎందుకు?

ఇదే మాట మాలో ఒకడు అడిగిండు. "అదే చేసిపెడుతుంటే మనం నేర్చుకునుడు ఎందుకు?" న్యాయమైన ప్రశ్ననే. మా జవాబు ఇది.

కాలేజీల చేరిన రోజు గుర్తు తెచ్చుకోండి. ఈపాస్ స్కాలర్‌షిప్ ఫారం మనలో ఎంతమందిమి సొంతంగా నింపినం? ఎవరో అన్న పక్కన నిలబడి కుల సర్టిఫికెట్ నంబరు, ఆదాయం సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా అన్నీ తనే కొట్టిండు, మనం వేలు పెట్టమన్న చోట వేలు పెట్టినం. ఆ అన్న చేసింది మేలే, ఆ రోజు ఆయన లేకపోతే సీటే పోయేది. కానీ మరుసటి ఏడు రెన్యువల్‌కు ఆయన లేడు. ఏ గడిల ఏముందో తెల్వక మాలో ఇద్దరం మూడు సార్లు మీసేవ చుట్టూ తిరిగినం.

ర్యాపర్ ఆ అన్నలాంటిదే. ఫారం మీద మనం రాయనివి అది రాస్తది, పని అయితది. వాడుకోండి, సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. కానీ అది ఏం రాసిందో ఒక్కసారన్నా తెరిచి చదవండి. స్పాక్‌ను డీబగ్‌తో నడిపితే ర్యాపర్‌లోకి ఏం వచ్చింది, బయటికి ఏం పోయింది అని రెండు లాగ్ ఫైళ్ళు ఇస్తది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే సెమిస్టర్ మొత్తంల నేర్చుకున్నదానికంటే ఎక్కువ తెలిసింది మాకు.

ఆర్‌పాత్‌కు ఎదురు చెప్పేటోళ్ళు కూడా ఉన్నరు, వాళ్ళ మాటల బలం ఉంది. డెబియన్ వాళ్ళు తమ ప్యాకేజీలల్ల ఆర్‌పాత్‌ను మామూలుగా వద్దనే అంటరు. లైబ్రరీల భద్రతా లోపం బయటపడితే సిస్టంల ఒక్కచోట సరిచేస్తే అన్ని ప్రోగ్రాంలకు అందాలె, ఎవరి ఫోల్డర్‌ల వాళ్ళు పాత కాపీ పెట్టుకుంటే అది అందదు అంటరు. నిజమే. సిస్టం మొత్తాన్ని చూసుకునేటోళ్ళకు అది సరైన పద్ధతి. కానీ సిస్టం చేతిల లేనోళ్ళకు ఆ పద్ధతి పనికిరాదు. మేం కట్టుకున్న లైబ్రరీని మేమే కొత్తది చేసుకోవాలె అనే బాధ్యత ఒప్పుకుంటూనే, ఆర్‌పాత్ వైపే మేం నిలబడుతం.

మేం గట్టిగ వద్దనేది వేరేది. ఇంటర్నెట్‌ల వెతికితే పదిమందిల ఎనిమిది మంది చెప్పే చిట్కా: ఎల్‌డీ లైబ్రరీ పాత్‌ను బాష్‌ఆర్‌సీ ఫైల్‌ల పెట్టెయ్, పని అయితది అని. అయితది. కానీ అది మన ఒక్క ప్రోగ్రాంకే పరిమితం కాదు. ఆ టెర్మినల్ నుంచి నడిచే ప్రతి ప్రోగ్రాంను ముందు మన ఫోల్డర్‌లకే చూడమంటది. సిస్టం పైథాన్ కూడా మన ఎస్‌క్యూలైట్‌నే ఎత్తుకుంటది. మూడు నెలల తర్వాత సంబంధం లేని ప్రోగ్రాం ఏదో ఆగిపోతే, కారణం ఇదని ఎవరికీ గుర్తుండదు. ఒక్క ఇంటి కోసం ఊరంతా కరెంటు లైను మార్చినట్టు. పరీక్ష కోసం ఒక్కసారికి పెట్టి చూడండి, కానీ శాశ్వతంగ పెట్టకండి.

మీరు చేయాల్సినవి

ఒకటి. కట్టుకున్న ప్రతిదాని మీద ఎల్‌డీడీ నడిపి, ఏ లైబ్రరీ ఏ ఫోల్డర్ నుంచి వస్తుందో కళ్ళతో చూడండి. రీడ్‌ఎల్ఫ్ మైనస్ డీ కొడితే లోపల ఆర్‌పాత్ రాసి ఉందో లేదో కనబడుతది.

రెండు. మైనస్ కేపిటల్ ఎల్ ఇచ్చిన ప్రతిసారి, అదే ఫోల్డర్‌కు మైనస్ డబ్ల్యూఎల్ కామా ఆర్‌పాత్ కామా అని కూడా ఇవ్వండి. ఈ రెండూ జంట ఎడ్లు అనుకోండి.

మూడు. ఉబుంటుల అట్ల ఇస్తే మామూలుగా రాసుకునేది రన్‌పాత్ అనే కొత్త రకం. ఎల్‌డీ లైబ్రరీ పాత్ పెట్టి ఉంటే రన్‌పాత్ దాని తర్వాతనే వస్తది, పాత ఆర్‌పాత్ అయితే ముందు వస్తది. ఇంకో తేడా, మన ప్రోగ్రాం నేరుగా అడిగిన లైబ్రరీకే రన్‌పాత్ పనిచేస్తది. ఆ లైబ్రరీ మళ్ళా అడిగే ఇంకో లైబ్రరీకి పనిచేయదు. స్పాక్ ర్యాపర్ అందుకే మామూలుగా పాత రకాన్నే రాయిస్తది.

నాలుగు. డెమోకు పెన్‌డ్రైవ్‌ల వేసుకుని వేరే మెషిన్‌కు పోతున్నరా? అక్కడ మీ హోమ్ ఫోల్డర్ ఉండదు, ఆర్‌పాత్‌ల రాసిన చిరునామా అక్కడ ఖాళీ జాగ. మళ్ళా పాత లైబ్రరీనే తగులుతది. దానికి డాలర్ ఆరిజిన్ అనే మాట ఉంది, 'ఈ ప్రోగ్రాం ఉన్న చోటు నుంచి చూడు' అని అర్థం. లైబ్రరీని ప్రోగ్రాం పక్కనే ఫోల్డర్‌ల పెట్టి ఈ మాట వాడండి. కొట్టేటప్పుడు సింగిల్ కోట్స్‌ల పెట్టండి, లేకపోతే షెల్ మధ్యల మింగేస్తది.

కాలేజీలను మేం అడిగేది

సీ లాబ్‌ల ప్రైమ్ నంబర్ల ప్రోగ్రాం పదిసార్లు రాయించే బదులు, ఒక్క క్లాసు లింకర్ మీద, లోడర్ మీద పెట్టండి. రెండు వెర్షన్ల లైబ్రరీ పెట్టి, ఏది తగులుతుందో పిల్లలతోనే కనుక్కోమనండి. ఖర్చు ఏమీ లేదు, కొత్త మెషిన్లు అక్కరలేదు. ఉన్న మెషిన్లే చాలు. ఎవరైనా ఎర్రర్ పట్టుకుని వస్తే "నువ్వు తప్పు రాసినవ్" అనే ముందు "ఎక్కడ వెతికిందో చూసినవా" అని ఒక్క మాట అడగండి. ఇంట్లో అడగడానికి ఎవరూ లేని పిల్లలకు ఆ ఒక్క మాట చదువు నిలబెడుతది.

సీనియర్లను అడిగేది కూడా ఉంది. జూనియర్ వచ్చినప్పుడు కీబోర్డు గుంజుకుని మీరే కొట్టి పెట్టకండి. మా అన్న చేసినట్టు చేయండి: పని చేసి చూపించండి, తర్వాత ఫైల్ తెరిచి చదవమనండి.

మా స్టాక్ ప్రోగ్రాం ఇప్పుడు నడుస్తుంది. బియ్యం పది కిలోలు తీస్తే మిగిలింది ఎంతో వెంటనే చెప్తుంది. ఎక్సెల్‌ల చేద్దాం అన్నోడే ఇప్పుడు హాస్టల్‌ల ఎవరికి ఎర్రర్ వచ్చినా ముందుగాల ఎల్‌డీడీ కొట్టిస్తున్నడు. వచ్చే ఆదివారం పొద్దున మా గదిల కూర్చుని ర్యాపర్ ఫైల్ మళ్ళా మొదటి నుంచి చదువుతున్నం. డోర్నకల్, మరిపెడ, కురవి దిక్కు ఉన్నోళ్ళు ఎవరైనా రావొచ్చు. ల్యాప్‌టాప్ లేకున్నా రండి, నలుగురికి ఒక్కటే ఉంది, దాని ముందే అందరం కూర్చుంటం.

మేం రాసిన దాంట్ల తప్పులుంటే కింద చెప్పండి, దిద్దుకుంటం. మీకు ఇట్లాంటి ఎర్రర్ ఎప్పుడన్నా వచ్చి, మీకే రాదనుకుని వదిలేసిన ప్రాజెక్టు ఉంటే అది కూడా రాయండి. కలిసి ఒకసారి తెరిచి చూద్దాం.

ఇట్లు,
డోర్నకల్ హాస్టల్ పిల్లలం, నలుగురం